జీపీఎస్, డిజిటల్ మ్యాపులతో సాగు పాఠాలు: మీ క్లాసుకి ఏది సరిపోతుంది?

వ్యవసాయ విద్యార్థులకు జీపీఎస్, మ్యాపింగ్ నేర్పుదామని అనుకోగానే ముందుగా కదిలేది కొటేషన్ల ఫైలు. ఏ రిసీవర్ కొనాలి, ఎన్ని కొనాలి, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు ఎన్ని కావాలి అని చర్చ మొదలవుతుంది. అమ్మేవాళ్లు బ్రోషర్ మీద సెంటీమీటర్లలో అంకెలు చూపిస్తారు. కమిటీ వాటిలో చిన్న అంకెకు టిక్ పెడుతుంది. ఆరు నెలలు పోయాక చూస్తే ఆ పెట్టె బీరువాలో భద్రంగా ఉంటుంది, పిల్లలేమో ఫోన్లలో ఏదో యాప్ వేసుకుని పొలం కొలుస్తూ ఉంటారు.

కొనే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. పిల్లలు ఆ మ్యాప్ చూసి పొలంలో ఏ పని చేయబోతున్నారు? ఆ పనిలో ఎంత తేడా వస్తే నష్టం జరుగుతుంది? ఇది తేలితే పరికరం, సాఫ్ట్‌వేర్, ఉపగ్రహ చిత్రం అన్నీ చాలావరకు వాటంతటవే తేలిపోతాయి. ఇది తేలకుండా ఎంత ఖరీదైనది కొన్నా క్లాసులో బటన్లు నొక్కడమే మిగులుతుంది.

ముందు పని, తర్వాతే పరికరం

మట్టి నమూనా తీసిన చోటు గుర్తుపెట్టుకోవడానికి ఐదు మీటర్లు అటూ ఇటూ అయినా కొంపలేం మునగవు. నమూనా అంటేనే చుట్టుపక్కల పలుచోట్ల తీసి కలిపిన మట్టి. పురుగు కనిపించిన చోటుకి వారం తర్వాత మళ్లీ వెళ్లాలన్నా అంతే, దగ్గరిదాకా ఫోన్ తీసుకెళ్తే మిగతాది కన్ను చూసుకుంటుంది.

మందు కొట్టే ట్రాక్టర్ దగ్గర లెక్క మారుతుంది. 12 మీటర్ల బూమ్ (మందు చల్లే నాజిళ్లున్న పొడవాటి చేయి) ప్రతి వరుసలోనూ పక్క వరుస మీదకి ఒక మీటరు ఎక్కిందంటే మందు దాదాపు 9 శాతం ఎక్కువ ఖర్చవుతుంది, పైగా ఆ పట్టీలో పంటకి రెండు మోతాదులు పడతాయి. ఇక్కడ 20, 30 సెంటీమీటర్ల లోపు ఉంటే బాగుంటుంది. సాళ్ల మధ్య కలుపు తీసే యంత్రానికి అదీ చాలదు, రెండు మూడు సెంటీమీటర్లలో ఉండాలి. అంతకు మించి పక్కకి జరిగితే కలుపుతోపాటు మొక్కలూ లేచిపోతాయి. నేల చదును చేయడం అన్నిటికన్నా కష్టమైన పని. అక్కడ కావాల్సింది ఎత్తు, ఉపగ్రహాలతో కొలిచినప్పుడు ఎత్తులో వచ్చే పొరపాటు అడ్డంగా వచ్చే పొరపాటు కన్నా మామూలుగా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటుంది. కారణం తేలికే. ఉపగ్రహాలన్నీ మన నెత్తి మీదే ఉంటాయి, కాళ్ల కింద ఒక్కటీ ఉండదు.

బ్రోషర్లు చదివేటప్పుడు పిల్లలకి తప్పక చూపించాల్సిన తేడా ఇంకొకటి ఉంది. ఒక వరుస వేసి వెంటనే పక్క వరుస వేసేటప్పుడు వచ్చే తేడా ఒకటి. ఇవాళ వేసిన వరుస మీదకే వచ్చే సీజన్‌లో తిరిగి రాగలమా అన్నది మరొకటి. మొదటిదాన్ని సాధారణంగా 15 నిమిషాల వ్యవధిలో కొలుస్తారు కాబట్టి అంకె చిన్నగా, అందంగా కనిపిస్తుంది. స్ప్రే పనికి అది చాలు. కానీ భూమిలో డ్రిప్ పైపులు పూడ్చి, వచ్చే ఏడు వాటి పక్కనే విత్తాలనుకుంటే ఆ అంకె దేనికీ పనికిరాదు. బ్రోషర్‌లో పెద్దక్షరాలతో వేసేది ఎక్కువగా మొదటి అంకెనే.

ఫోన్: అందరి చేతిలో ఉన్నదాన్నే ముందు వాడండి

మొదటి పాఠం ఫోన్‌తోనే మొదలుపెట్టమంటాను. ఖర్చు లేకపోవడం ఒక కారణం. ఫోన్ చేసే తప్పులు కంటికి కనిపించేంత పెద్దవి కావడం అంతకన్నా పెద్ద కారణం. రెండు సెంటీమీటర్ల పొరపాటుని క్లాసులో ఎవరూ చూడలేరు. నాలుగు మీటర్ల పొరపాటు గట్టు దాటి పక్క పొలంలో కనిపిస్తుంది.

ఆరుబయట ఆకాశం బాగా కనిపించే చోట మామూలు స్మార్ట్‌ఫోన్ చూపించే స్థానం సుమారు 4.9 మీటర్ల లోపు ఉంటుందని అమెరికా ప్రభుత్వ జీపీఎస్ సైటే చెబుతుంది. చెట్ల కింద, గోడల పక్కన ఇది ఇంకా దిగజారుతుంది. 2018లో షావోమీ ఎంఐ 8తో రెండు ఫ్రీక్వెన్సీలు అందుకునే ఫోన్లు మొదలయ్యాయి. క్లాసులో ఒకరిద్దరి దగ్గరైనా అలాంటివి ఉంటాయి. వాటిని పక్కపక్కన పెట్టి పోల్చడమే ఒక పూట పాఠం. ఇక మనం జీపీఎస్ అంటున్నా ఫోన్ అందుకునేది దాన్నొక్కదాన్నే కాదు. రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో, చైనా బైదూ ఉపగ్రహాలు కూడా లెక్కలోకి వస్తాయి. జీపీఎస్‌టెస్ట్ లాంటి ఉచిత యాప్ తెరిస్తే ఏ ఉపగ్రహం ఆకాశంలో ఎక్కడుందో బొమ్మ వేసి మరీ చూపిస్తుంది.

పాత నోట్సుల్లో జీపీఎస్ పొరపాటు 100 మీటర్లు అని ఇంకా కనిపిస్తుంటుంది. అది అమెరికా కావాలని సిగ్నల్‌ని పాడుచేసిన రోజుల మాట. 2000 మే నెలలో దాన్ని ఆపేశారు. ఆ పేజీ చింపేయండి.

ఇంటర్నెట్ లేకపోతే జీపీఎస్ పనిచేయదని చాలామంది పిల్లలు గట్టిగా నమ్ముతారు. దీన్ని వాదించి ఒప్పించనక్కర్లేదు. పొలంలో అందరి ఫోన్లూ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టించి, లొకేషన్ మాత్రం ఆన్‌లో ఉంచమనండి. వెనకాల మ్యాప్ బొమ్మ రాదు, అంకెలు మాత్రం వస్తాయి. నెట్ ఉంటే ఉపగ్రహాల వివరాలు దాని ద్వారా దిగుతాయి కాబట్టి స్థానం త్వరగా దొరుకుతుంది, లేకపోతే ఉపగ్రహం నుంచే వినాలి, కాస్త ఆలస్యమవుతుంది. తేడా అంతే.

ఇక ఫోన్‌తో చేయించగల అసలైన ప్రయోగం. పొలంలో ఒక మేకు పాతి, క్లాసంతా వంతులవారీగా ఫోన్‌ని దాని మీదే పెట్టి స్థానం రాసుకోవాలి. తర్వాత అందరి బిందువులనూ ఒకే మ్యాప్ మీద వేస్తే మేకు చుట్టూ చుక్కలు చల్లినట్టు ఉంటాయి. ఒక యాప్ దశాంశం తర్వాత ఎనిమిది అంకెలు చూపిస్తుంది, ఇంకొకటి ఐదే చూపిస్తుంది. ఐదో అంకె అంటే నేల మీద సుమారు 1.1 మీటరు. ఎనిమిదో అంకె అంటే ఒక మిల్లీమీటరు. ఫోన్‌కి మిల్లీమీటరు తెలియదని చుక్కలే చెబుతాయి, మీరు నోరు విప్పక్కర్లేదు. మర్నాడు అదే మేకు దగ్గర మళ్లీ చేయిస్తే చుక్కల గుంపు మొత్తం కొంచెం పక్కకి జరిగి ఉండొచ్చు. అప్పుడు పిల్లలు అడిగే ప్రశ్నలు పాఠ్యపుస్తకంలో రెండు అధ్యాయాలకి సరిపోతాయి.

విస్తీర్ణం సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 100 మీటర్ల భుజమున్న చదరపు పొలం, అంటే సరిగ్గా ఒక హెక్టారు తీసుకోండి. నాలుగు మూలల్లోనూ తూర్పు పడమరలుగా, ఉత్తర దక్షిణాలుగా వేటికవే విడిగా 3 మీటర్ల తేడా ఉందనుకుందాం. భుజాన్ని తేడాతో గుణించి మళ్లీ 1.41తో గుణిస్తే విస్తీర్ణంలో రాగల తేడా వస్తుంది. ఇక్కడ 424 చదరపు మీటర్లు, అంటే 4 శాతం. అదే తేడాతో 30 మీటర్ల మడిని కొలిస్తే 127 చదరపు మీటర్లు వస్తుంది. ఆ మడి మొత్తమే 900 చదరపు మీటర్లు కాబట్టి ఇది 14 శాతం. అదే ఫోన్, అదే మనిషి, అదే రోజు. పొలం చిన్నదయ్యేకొద్దీ ఫోన్ మీద నమ్మకం తగ్గించుకోవాలని ఈ ఒక్క లెక్క చూపిస్తుంది.

ఇంతకీ నిజంగా నడిచి కొలిస్తే ఫలితం ఇంతకన్నా మెరుగ్గానే వస్తుంటుంది. ఐదు పది నిమిషాల్లో పొలం చుట్టూ తిరిగి వచ్చినప్పుడు అన్ని మూలల్లో పొరపాటు దాదాపు ఒకే దిక్కుకి ఉంటుంది. పొలం బొమ్మ మొత్తం పక్కకి జరుగుతుంది, విస్తీర్ణం మాత్రం పెద్దగా మారదు. అందుకని ఫోన్‌లో విస్తీర్ణం సరిగ్గా వచ్చిందంటే హద్దు కూడా సరైన చోటే ఉందనుకోవడానికి లేదు. ఆ బొమ్మని ఉపగ్రహ చిత్రం మీద పెట్టి చూస్తే జరగడం బయటపడుతుంది. హద్దు తగాదాల్లో ఫోన్ కొలత పట్టుకుని ఎవరూ ముందుకు రాకూడదన్న హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పేయడం మంచిది.

నడిచేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త. ఫోన్ జేబులో పెట్టుకుని నడిస్తే ఒంటివల్లే సగం ఆకాశం మూసుకుపోతుంది. చేతిలో అడ్డంగా పట్టుకుని, ప్రతి మూలలో అర నిమిషం ఆగి అప్పుడు బిందువు నొక్కమనండి. తొందరపడే గుంపుల మూలలు గుండ్రంగా వస్తాయి.

చేతి జీపీఎస్ ఇంకా కొనాలా?

గార్మిన్ ఈట్రెక్స్ లాంటి చేతి జీపీఎస్‌లకి వేరే రోజులుండేవి. ఇప్పుడు వాటి ఖచ్చితత్వం మంచి ఫోన్‌కి అటూ ఇటూగానే ఉంటుంది. బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, వానలో తడిసినా పర్లేదు, ఎండలో తెర కనిపిస్తుంది, ఒకే చోట కాసేపు నిలబడి సగటు తీసే సదుపాయం ఉంటుంది. క్యాంపస్‌లో ఫోన్లు నిషేధమైతే, లేక రోజంతా బయటే ఉండే పనైతే కొనండి. లేకపోతే ఆ డబ్బు దాచి కింద చెప్పేదానికి పెట్టండి.

ఆర్‌టీకే: డిపార్ట్‌మెంట్‌కి ఒక సెట్టు చాలు

సెంటీమీటర్ల పని చూపించాలంటే ఆర్‌టీకే (రియల్ టైమ్ కైనమాటిక్) తప్పదు. తెలిసిన చోట ఒక రిసీవర్ కదలకుండా ఉంటుంది, దాన్ని బేస్ అంటారు. రెండోది పొలంలో తిరుగుతుంది, అది రోవర్. బేస్ తన దగ్గర కనిపిస్తున్న తేడాలను రేడియోలోనో ఇంటర్నెట్‌లోనో పంపుతుంది, రోవర్ వాటితో తన స్థానాన్ని సరిచేసుకుంటుంది. అసలు బలం మాత్రం సిగ్నల్ తరంగాన్నే కొలబద్దగా వాడుకోవడంలో ఉంది. జీపీఎస్ ఎల్1 తరంగం పొడవు 19 సెంటీమీటర్లు, అందులో చిన్న భాగాన్ని కొలవగలిగితే సెంటీమీటరు దాకా వెళ్లొచ్చు. తయారీదారులు చెప్పే లెక్క సాధారణంగా ఇలా ఉంటుంది: అడ్డంగా ఒక సెంటీమీటరు, దానిమీద బేస్ నుంచి దూరమయ్యే ప్రతి కిలోమీటరుకీ ఒక మిల్లీమీటరు. 10 కిలోమీటర్ల దూరంలో మొత్తం రెండు సెంటీమీటర్లు.

ఒకప్పుడు ఇవి సర్వే కంపెనీలకే అందేవి. యూబ్లాక్స్ జెడ్ఈడీ-ఎఫ్9పీ లాంటి చిప్‌లు వచ్చాక ధరలు బాగా దిగాయి, కాలేజీలు కొనగలిగే స్థాయికి వచ్చాయి. అలాగని గుంపుకొకటి కొనక్కర్లేదు. ఒక బేస్, ఒక రోవర్ ఉంటే చాలు, గుంపులు వంతులు మార్చుకుంటాయి. మీ దగ్గర్లో శాశ్వత బేస్ స్టేషన్ల నెట్‌వర్క్ ఉండి ఇంటర్నెట్ ద్వారా సవరణలు ఇస్తుంటే రోవర్ ఒక్కటే సరిపోతుంది. పొలంలో మొబైల్ సిగ్నల్ ఉందో లేదో మాత్రం కొనకముందే వెళ్లి చూడండి. సిగ్నల్ లేని పొలంలో నెట్‌వర్క్ రోవర్ ఖరీదైన మామూలు జీపీఎస్సే.

ఆర్‌టీకే దగ్గర పిల్లలు నేర్వాల్సింది రెండు విషయాలు. ఒకటి, తెర మీద ఫ్లోట్, ఫిక్స్ అన్న మాటలు. ఫ్లోట్ అంటే లెక్క ఇంకా తేలలేదని, ఫిక్స్ అంటే తేలిందని. ఫిక్స్ రాకముందే బిందువు నొక్కితే పొరపాటు అనేక డెసీమీటర్లు ఉండొచ్చు, అయినా అంకె మాత్రం అంతే ధీమాగా కనిపిస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. బేస్‌ని ఎక్కడో ఒకచోట పెట్టి, రెండు నిమిషాలు సగటు తీసుకుని తన స్థానం తనే ఊహించుకోమంటే ఒకటి రెండు మీటర్లు తప్పుతుంది. ఆ తప్పు రోవర్ కొలిచే ప్రతి బిందువుకీ అచ్చంగా అంటుకుంటుంది. పొలం లోపల దూరాలన్నీ సెంటీమీటరు తేడా లేకుండా వస్తాయి, మొత్తం మ్యాప్ మాత్రం మీటరున్నర పక్కన ఉంటుంది. వచ్చే సీజన్‌లో బేస్‌ని మళ్లీ అలాగే పెడితే పాత సాళ్లకీ కొత్త సాళ్లకీ పొంతన ఉండదు. దీన్ని క్లాసులో కావాలనే చేసి చూపించండి. బేస్‌కి మీటరు తప్పు అంకె ఇచ్చి, అదే మేకుని మళ్లీ కొలిపించండి. సెంటీమీటరు పరికరం మీటరు తప్పు చెప్పడం ఒకసారి చూసినవాళ్లు బ్రోషర్‌ని ఇంకోలా చదువుతారు.

ఫోన్‌కీ ఆర్‌టీకేకీ మధ్యలోనూ కొన్ని ఉన్నాయి. అమెరికా వాస్, ఐరోపా ఎగ్నోస్, మన గగన్ లాంటి వ్యవస్థలు ఉపగ్రహం నుంచే సవరణలు పంపి మీటరు రెండు మీటర్ల స్థాయికి తెస్తాయి. గెలీలియో 2023 జనవరిలో మొదలుపెట్టిన ఉచిత హై అక్యురసీ సేవ రెండు డెసీమీటర్ల లోపు లక్ష్యంగా పెట్టుకుంది, దానికి తగిన రిసీవర్ కావాలి, స్థిరపడటానికి కొంత సమయం పడుతుంది. స్ప్రే, ఎరువు పనులకి ఇదే అసలు సరిపోయే స్థాయి. పాఠంలో ఒక పేజీ ఇవ్వండి, ల్యాబ్ అవసరం లేదు.

సాఫ్ట్‌వేర్: గూగుల్ ఎర్త్, క్యూజీఐఎస్, ఆర్క్‌జీఐఎస్

మొదటి రోజుకి గూగుల్ ఎర్త్‌ని మించింది లేదు. ప్రో వెర్షన్ 2015 నుంచి ఉచితం. పది నిమిషాల్లో పిల్లలు తమ పొలం వెతుక్కుని హద్దు గీసేస్తారు, పాత సంవత్సరాల చిత్రాలు వెనక్కి తిప్పి చూసి అక్కడ చెరువుండేదా అని ఆశ్చర్యపోతారు. కానీ అక్కడితో అది ఆగిపోతుంది. మట్టి పరీక్ష అంకెలతో మ్యాప్ తయారుచేయడం, రెండు పొరల్ని కలిపి లెక్కకట్టడం దాని పని కాదు. ఆ చిత్రాలు కూడా అక్కడక్కడ కొన్ని మీటర్లు పక్కకి జరిగి ఉంటాయని చెప్పకపోతే, పిల్లలు వాటినే సత్యం అనుకుని తమ జీపీఎస్ తప్పంటారు.

కోర్సుకి నా ఓటు క్యూజీఐఎస్‌కే. 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ విండోస్, మ్యాక్, లైనక్స్ అన్నిటిలో నడుస్తుంది, ఇంటర్నెట్ లేకుండా పనిచేస్తుంది, కోర్సు అయిపోయాక కూడా విద్యార్థి ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. ఈ చివరిది నాకు చాలా పెద్ద విషయం. పాసైన మర్నాడే తెరుచుకోని సాఫ్ట్‌వేర్ నేర్పి ఏం లాభం?

దానికి చెల్లించాల్సిన మూల్యం కూడా ఉంది. మొదటి రెండు మూడు క్లాసులు లేయర్లు (మ్యాప్ పొరలు), సీఆర్‌ఎస్ (స్థానాల్ని ఏ అంకెల పద్ధతిలో రాస్తామన్నది) అంటూ గడిచిపోతాయి, పిల్లలకి విసుగొస్తుంది. ఆ విసుగు పోగొట్టడానికి విస్తీర్ణం ప్రయోగం పెట్టండి. ఒక హెక్టారు పొలాన్ని అక్షాంశ రేఖాంశాల్లోనే ఉంచి, లేయర్ యూనిట్లలో విస్తీర్ణం అడిగితే 0.0000008 లాంటి అంకె వస్తుంది. అది చదరపు డిగ్రీల్లో ఉంది, దాంతో ఎరువు బస్తాలు లెక్కకట్టలేం. సరే అని వెబ్ మ్యాపులు వాడే మెర్కేటర్‌లోకి (గుండ్రటి భూమిని చదునుగా పరిచే ఒక పద్ధతి) మార్చి మళ్లీ అడిగితే ఈసారి మీటర్లలోనే వస్తుంది, చూడటానికి నమ్మేలా ఉంటుంది, అయినా తప్పే. 30 డిగ్రీల అక్షాంశం దగ్గర అసలుకన్నా మూడో వంతు ఎక్కువ చూపిస్తుంది, 45 దగ్గర రెట్టింపు, 60 దగ్గర నాలుగు రెట్లు. చివరికి తమ యూటీఎం జోన్‌లోకి (భూమిని ఆరు డిగ్రీల పట్టీలుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతిలో తమ పట్టీ) మారిస్తే సరైన విస్తీర్ణానికి చాలా దగ్గరగా వస్తుంది. జోన్ నంబరు వెతకనక్కర్లేదు. తూర్పు రేఖాంశానికి 180 కలిపి, ఆరుతో భాగించి, పై పూర్ణాంకం తీసుకుంటే అదే జోన్. పశ్చిమ రేఖాంశమైతే 180లోంచి తీసేసి భాగించాలి. ఎరువు లెక్క తప్పితే ఏమవుతుందో పిల్లలకి ఎవరూ వివరించనక్కర్లేదు కాబట్టి ఈ ప్రయోగం తర్వాత సీఆర్‌ఎస్ గురించి వాళ్లే అడుగుతారు.

ఆర్క్‌జీఐఎస్ ఎప్పుడు మంచిది? కాలేజీకి ముందే లైసెన్స్ ఉంటే, పిల్లలు వెళ్లబోయే ఉద్యోగాల్లో అదే వాడుతుంటే, ఇబ్బంది వస్తే అడగడానికి మనిషి కావాలనుకుంటే. అప్పుడు కూడా ల్యాబ్ మాన్యువల్ ఒకసారి తిరగేయండి. ఆర్క్‌జీఐఎస్‌లోని పాత ప్రోగ్రామ్ ఆర్క్‌మ్యాప్ మీద రాసినదైతే దాన్ని పక్కన పెట్టి ఆర్క్‌జీఐఎస్ ప్రోకి మారాల్సిందే, ఎందుకంటే ఆర్క్‌మ్యాప్ సపోర్ట్‌కి 2026 మార్చి 1 ఆఖరు తేదీగా పెట్టారు.

పొలంలో డేటా సేకరించడానికి క్యూజీఐఎస్‌కి తోడుగా క్యూఫీల్డ్ అనే ఫోన్ యాప్ ఉంది. ల్యాప్‌టాప్‌లో ఫారం తయారుచేసి ఫోన్‌లోకి పంపితే, పంట పేరు, తెగులు తీవ్రత లాంటివి జాబితాలోంచి ఎంచుకునేలా వస్తాయి. వట్టి విస్తీర్ణం యాప్‌లకన్నా ఇది ఎందుకు మేలో మొదటిసారి డేటా కలిపినప్పుడు తెలుస్తుంది. చేత్తో టైప్ చేయమంటే ఒకే తెగులుని క్లాసంతా ఐదారు రకాల స్పెల్లింగులతో రాస్తారు, దాన్ని శుభ్రం చేయడానికే ఒక ల్యాబ్ పోతుంది.

ఫైలు రకం గురించి ఒక్క మాట. హద్దులు, బిందువులు దాచే పాత పద్ధతి షేప్‌ఫైల్ నేర్పాలి, ఎందుకంటే చాలా యంత్రాలు ఇంకా దాన్నే తీసుకుంటాయి. అయితే అది ఒక ఫైలు కాదు, కనీసం మూడు నాలుగు ఫైళ్ల కట్ట. ఒక్కటే మెయిల్ చేస్తే అవతల తెరుచుకోదు. కాలమ్ పేరుకి పది అక్షరాలే, అదీ ఇంగ్లీషు లెక్కన. తెలుగులో రాస్తే ఇంకా ముందే తెగిపోతుంది. క్లాసులో దాచుకోవడానికి అంతా ఒకే ఫైలులో ఉండే జియోప్యాకేజ్ హాయి.

ఉపగ్రహ చిత్రమా, డ్రోనా?

ఐరోపా సెంటినెల్-2 చిత్రాలు ఉచితం. ముఖ్యమైన బ్యాండ్లలో ఒక్కో పిక్సెల్ నేల మీద 10 మీటర్లు, రెండు ఉపగ్రహాలు కలిసి దాదాపు ఐదు రోజులకొకసారి ఒకే చోటు మీదుగా వెళ్తాయి. అమెరికా ల్యాండ్‌శాట్ 8, 9 చిత్రాలూ ఉచితమే, పిక్సెల్ 30 మీటర్లు, రెండూ కలిపి ఎనిమిది రోజులకొకటి. ల్యాండ్‌శాట్ బలం దాని చరిత్ర. 1972 నుంచి ఆ వరుస నడుస్తోంది, ఒక ప్రాంతంలో సాగు ఎలా మారిందో దశాబ్దాల వెనక్కి చూడాలంటే అదే దిక్కు.

ఒక పొలం లోపల తేడాలు చూడటానికి మాత్రం అంకెలు వేసి చూడండి. ఒక హెక్టారు చదరపు పొలంలో సెంటినెల్ పిక్సెళ్లు వంద. గళ్లు హద్దుకి సరిగ్గా కుదిరాయనుకున్నా అందులో 36 అంచువి. కుదరకపోతే వాటిలో గట్టు, చెట్టు నీడ, పక్క పంట కలిసిపోతాయి. 50 మీటర్ల పొలమైతే 25 పిక్సెళ్లలో 16 అంచువే, నికరంగా మిగిలేవి తొమ్మిది. ల్యాండ్‌శాట్‌లో ఒక హెక్టారుకి సుమారు 11 పిక్సెళ్లే, వాటిలోనూ కొన్నే పూర్తిగా లోపల ఉంటాయి. మీ విద్యార్థుల పొలాలు చిన్నవైతే ఈ లెక్క ముందే చేయించాలి, లేకపోతే గట్టు మీది గడ్డిని చూసి పంట బాగుందని రిపోర్టు రాస్తారు.

చిత్రంలోంచి పచ్చదనాన్ని కొలిచే సూచిక ఎన్‌డీవీఐ దగ్గర రెండు ఉచ్చులున్నాయి. పరారుణ ప్రతిఫలనం నుంచి ఎరుపు ప్రతిఫలనం తీసేసి, ఆ రెండిటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డీవీఐ. అది ఎక్కువుంటే ఆకు పచ్చగా, దట్టంగా ఉందని అర్థం, ఆ ఆకు ఎవరిదో మాత్రం చెప్పదు. కలుపు విరగబడిన చోట కూడా మ్యాప్ పచ్చగా నవ్వుతుంది. రెండో ఉచ్చు రంగుల్లో ఉంది. సాఫ్ట్‌వేర్ తనంతట తాను కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా రంగు సాగదీస్తుంది. పొలమంతా 0.71 నుంచి 0.76 మధ్య ఉన్నా ఒక మూల ఎర్రగా, ఇంకో మూల పచ్చగా వచ్చి టెన్షన్ పెడుతుంది. రంగుల హద్దులు చేత్తో 0.2, 0.9గా పెట్టి మళ్లీ చూడమంటే పొలమంతా ఒకేలా ఉందని తేలుతుంది. ఒకే డేటాతో రెండు మ్యాపులు వేయించి పక్కపక్కన గోడకి అంటించండి.

మ్యాప్‌లో నిజంగానే తక్కువ కనిపించిన చోటుకి ఫోన్ పట్టుకుని నడవాలి. నీళ్లు నిలిచాయా, విత్తనం మొలవలేదా, పశువులు పడ్డాయా అన్నది అక్కడే తెలుస్తుంది. స్థానం గుర్తించడం, మ్యాపు చదవడం రెండూ ఈ నడకలోనే కలుస్తాయి, కాబట్టి కోర్సులో వేరే ఏది కోసేసినా దీన్ని కోయొద్దు.

డ్రోన్ చిత్రాల్లో ఒక్కో మొక్కా కనిపిస్తుంది, మబ్బుల బెడద కూడా తక్కువ. కానీ అనుమతులు, బ్యాటరీలు, గాలి, వందల ఫొటోల్ని కుట్టడం ఇవన్నీ టైం తినేస్తాయి. మామూలు కెమెరా డ్రోన్‌కి పరారుణం కనిపించదు, కాబట్టి దాంతో అసలు ఎన్‌డీవీఐ రాదు. అమ్మేవాళ్లు ఈ మాట చివర్లో చెబుతారు, ఒక్కోసారి చెప్పనే చెప్పరు. నేల మీద తెలిసిన గుర్తులు లేకుండా ఎగరేస్తే అందమైన చిత్రం కొన్ని మీటర్లు పక్కన కూర్చుంటుంది. ఒకసారి బయటివాళ్లని పిలిచి ఎగరేయించి, ఆ ఫొటోల్ని ఏటా క్లాసులో వెబ్‌ఓడీఎం లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కుట్టించడం చాలా కాలేజీలకి చాలు.

ఎవరికి ఏ కూర్పు

హైస్కూల్ పిల్లలకి ఫోన్, గూగుల్ ఎర్త్, మేకు ప్రయోగం. అంతకుమించి పెట్టకండి, అదే ఎక్కువ.

డిప్లొమా స్థాయిలో ఫోన్‌లో క్యూఫీల్డ్, ల్యాబ్‌లో క్యూజీఐఎస్, సెంటినెల్ చిత్రాలు. మట్టి నమూనాల బిందువుల నుంచి ఎరువు మ్యాప్ దాకా ఒకే పొలం మీద, సీజన్ పొడవునా నడిపితే పాఠాలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. వారానికో కొత్త పొలం, కొత్త డేటా ఇస్తే ఏదీ నిలవదు.

డిగ్రీలో, ముఖ్యంగా వ్యవసాయ ఇంజినీరింగ్‌లో, ఆర్‌టీకే సెట్టూ యంత్రాల వైపూ కలుపుకోవాలి. ఆటోస్టీరింగ్ ఉన్న ట్రాక్టర్ లేదని ఆగిపోనక్కర్లేదు. అగ్‌ఓపెన్‌జీపీఎస్ అనే ఓపెన్‌సోర్స్ ప్రోగ్రామ్‌లో సిమ్యులేటర్ ఉంది. ల్యాప్‌టాప్‌లోనే ఏబీ గీత (ట్రాక్టర్ వరుసలన్నిటికీ ఆధారమయ్యే మొదటి గీత) వేయడం, బూమ్ సెక్షన్లు ఎప్పుడు మూసుకుంటాయో చూడటం, మలుపుల దగ్గర ఎంత పట్టీ వదిలేశామో లెక్కకట్టడం చేయొచ్చు. మోతాదు మ్యాప్‌ని యంత్రానికి పంపేటప్పుడు ఐఎస్ఓ 11783 అనే ప్రమాణం ఎదురవుతుంది, దాన్నే ఐసోబస్ అంటారు. వేర్వేరు కంపెనీల ట్రాక్టర్, టెర్మినల్, పనిముట్టు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి అది. మీ ప్రాంతంలో ఆ యంత్రాలు తిరగకపోతే ఒక గంట చాలు.

చేతిలో ఉన్నది మూడు రోజుల వర్క్‌షాప్ మాత్రమే అయితే సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడంతోనే మొదటి పూట పోగొట్టుకోకండి. ముందే పెన్‌డ్రైవ్‌లో ఇన్‌స్టాలర్, పొలం చిత్రం, ఖాళీ ఫారం పెట్టి వారం ముందు పంచేయండి. వేరేవాళ్ల పొలంలో కొలుస్తుంటే వాళ్ల అనుమతి తీసుకోవాలి, హద్దుల ఫైలు వాళ్లకి చెప్పకుండా ఎక్కడా పెట్టకూడదు. ఇది కూడా మొదటి రోజే చెప్పాలి.

పరీక్ష ఎలా పెట్టాలన్నదీ ఒక ఎంపికే. సాఫ్ట్‌వేర్ మెనూల మీద రాత పరీక్ష పెడితే దిద్దడం తేలిక, కానీ మెనూలు వచ్చే వెర్షన్‌కే మారిపోతాయి. నేనైతే పొలంలోనే పెడతాను. ఆర్‌టీకేతో కొలిచిన మేకుని గడ్డిలో దాచి, ఒక్కో గుంపుకీ ఒక్కో పరికరం, ఆ మేకు అంకెలు ఇస్తాను. పరికరం తీసుకెళ్లిన చోట ఒక కర్ర పాతి, దాని చుట్టూ ఎంత దూరంలో మేకు ఉండొచ్చో తాడుతో వృత్తం వేయాలి. వృత్తం లోపల మేకు ఉంటే మార్కులు. అరెకరం కలిసేంత వృత్తం వేస్తే సున్నా. ఫోన్‌తో ఐదు మీటర్ల వృత్తం వేసి మేకుని లోపల పెట్టిన గుంపుకి, ఆర్‌టీకేతో ఫ్లోట్‌లోనే కర్ర పాతి మూడు సెంటీమీటర్ల వృత్తం వేసి మేకుని బయట వదిలేసిన గుంపుకన్నా ఎక్కువ మార్కులు వేస్తాను. దీని మీద గొడవ పెట్టుకునే విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. వాళ్ల వాదన రాతలో తీసుకుని, దానికీ కొన్ని మార్కులు పెట్టండి.